ఆయిల్ ముల్లు మాట నమ్మొచ్చా?

ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డ్‌కు దగ్గర్లోని ఆబింగ్డన్‌లో 1962 నుంచి 1980 దాకా ఎమ్‌జీబీ అనే స్పోర్ట్స్ కారు తయారైంది. తొలి నమూనాల డాష్‌బోర్డు మీద ఒకే గుండ్రటి అద్దం వెనక రెండు ముళ్లు ఉండేవి. ఒకటి ఇంజను నీళ్ల వేడి చెబుతుంది, రెండోది ఆయిల్ ప్రెషర్. ఈ కారును ఇప్పటికీ అపురూపంగా చూసుకునేవాళ్లు ఎన్నో దేశాల్లో ఉన్నారు. వాళ్లను కంగారు పెట్టేది ఆ రెండో ముల్లే. చల్లటి ఇంజను స్టార్టు చేయగానే 70 దగ్గర నిలబడుతుంది. అరగంట తిరిగొచ్చి సిగ్నల్ దగ్గర ఆగితే 15కి జారిపోతుంది. బేరింగులు అరిగిపోయాయా, పంపు పని అయిపోయిందా, లేక ముల్లే తప్పు చూపిస్తోందా?

ఈ ఇంజను మనకూ చుట్టమే. బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వారి బీ-సిరీస్ కుటుంబంలో ఎమ్‌జీబీది 1798 సీసీ అయితే, మన అంబాసిడర్‌లో ఏళ్ల తరబడి నడిచింది 1489 సీసీ. ప్రభుత్వ కార్లుగా, ట్యాక్సీలుగా మన ఊళ్లన్నీ తిరిగిన ఆ బండిని ఇప్పుడు బాగుచేయించి దాచుకుంటున్నవాళ్లు తెలుగునాట కూడా ఉన్నారు. కాబట్టి ఆబింగ్డన్ ముచ్చట అనుకున్నది కొంతవరకు మన షెడ్డు ముచ్చటే.

ముల్లు తక్కువ చూపిస్తోందని బెదిరి, నిక్షేపంలాంటి ఇంజను దింపి క్రాంక్ షాఫ్టు దాకా విప్పితే డబ్బూ పోతుంది, నెలలూ పోతాయి. ఎక్కువ చూపిస్తోందని ధీమాగా నడిపితే ఒకరోజు బేరింగు పట్టేస్తుంది. రెండు నష్టాలకూ మూలం ఒకటే. గేజి ఇంజను గురించి మాట్లాడుతుంది కానీ, గేజి గురించి మాట్లాడేవాళ్లు ఎవరూ లేరు. ఇంజను మీద అనుమానపడే ముందు గేజిని అనుమానించాలి. అంతకంటే ముందు ఆ ముల్లు కొలుస్తున్నదేమిటో తెలియాలి, ఎందుకంటే సరిగ్గా పనిచేస్తున్న గేజిని కూడా తప్పుగా చదవడం చాలా తేలిక.

పంపు తోస్తుంది, సందులు ఆపుతాయి

ఇంజను ఆయిల్ పంపు ప్రెషర్‌ను తయారు చేయదు. తిరిగినప్పుడల్లా ఇంత ఆయిల్ అని ముందుకు తోస్తుంది, అంతే. ఆ ఆయిల్ బేరింగుకూ షాఫ్టుకూ మధ్యనున్న సన్నటి సందుల్లోంచి బయటపడి మళ్లీ కింద సంపులోకి కారాలి. బయటపడటానికి ఎంత ఇబ్బంది పడితే గేజి మీద అంత అంకె. ఆ అంకె చదరపు అంగుళానికి ఇన్ని పౌండ్లు అన్న లెక్క. పీఎస్‌ఐ అనేది దీన్నే. వేరే దేశాల గేజిల మీద బార్ అని ఉంటే, ఒక బార్‌కు పద్నాలుగున్నర పౌండ్లు.

అయితే ఈ ఇబ్బంది దేని మీద ఆధారపడుతుంది? మొదటిది ఆయిల్ చిక్కదనం. పాత కార్లలో పోసే 20డబ్ల్యూ-50 ఆయిల్‌కు 40 డిగ్రీల దగ్గర ఉండే చిక్కదనం, 100 డిగ్రీలకు చేరేసరికి ఎనిమిదో వంతుకో తొమ్మిదో వంతుకో పడిపోతుంది. రెండోది సందు వెడల్పు. ఇక్కడి లెక్క కాస్త కఠినం. సందులోంచి జారే ఆయిల్ వెడల్పు ఘనాన్ని బట్టి పెరుగుతుంది. అంటే సందు ఒకటిన్నర రెట్లయితే కారేది ఒకటిన్నర రెట్లు కాదు, మూడు రెట్ల పైమాటే. అందుకే అరిగిన ఇంజనులో ప్రెషర్ అంత ఘోరంగా పడిపోతుంది. మూడోది పంపు వేగం. ఐడ్లింగులో పంపు నెమ్మదిగా తిరుగుతుంది కాబట్టి తోసేదే తక్కువ.

పై పక్కన ఒక హద్దు ఉంది. ప్రెషర్ మరీ పెరిగితే రిలీఫ్ వాల్వు తెరుచుకుని మిగులు ఆయిల్‌ను వెనక్కి వదిలేస్తుంది. చల్లటి ఇంజనులో ముల్లు ఒకచోటికి వెళ్లి ఆగిపోయేది ఇందుకే. అంటే పొద్దున స్టార్టు చేయగానే కనిపించే ఆ గొప్ప అంకె ఆ వాల్వును మూసి ఉంచే స్ప్రింగు బిగువును చెబుతోంది. బేరింగుల ఆరోగ్యం గురించి అది చెప్పేది చాలా తక్కువ.

ఎమ్‌జీబీ మాన్యువల్ తిరగేస్తే, నడుస్తున్నప్పుడు 50 నుంచి 80 పౌండ్లు, ఐడ్లింగులో 10 నుంచి 25 ఉండాలని రాసి ఉంటుంది. సిగ్నల్ దగ్గర కనిపించిన 15 దానికి లోబడే ఉంది. జాగ్వార్ ఎక్స్‌కే ఇంజనుకు వేడెక్కాక 3000 ఆర్‌పీఎమ్ దగ్గర 40 ఉంటే చాలన్నారు. గాలితో చల్లబడే ఫోక్స్‌వాగన్ బీటిల్‌కు 2500 దగ్గర 42 మామూలు, 28కి దిగితే అరుగుదల హద్దు. రేసు కార్ల షెడ్లలో వెయ్యి ఆర్‌పీఎమ్‌కు 10 పౌండ్లని ఒక లెక్క చెబుతారు. రేసు ఇంజనుకు అది మంచి లెక్కే. దాన్ని తెచ్చి బీటిల్‌కు అంటగడితే హద్దు దాటి అరిగిన ఇంజను కూడా మంచిదే అయిపోతుంది. ఎవరి బండి మాన్యువల్ వాళ్లకు ప్రమాణం.

టవర్ బిరడా

ఇంతకీ 15 పౌండ్ల ఒత్తిడి అంత బరువైన క్రాంక్ షాఫ్టును ఎలా మోస్తుంది? మోయదు. ఈ సంగతి బయటపడిన తీరు విజ్ఞాన చరిత్రలో నాకు బాగా నచ్చిన ఘట్టాల్లో ఒకటి.

1880ల మొదట్లో బ్రిటన్‌లోని మెకానికల్ ఇంజనీర్ల సంస్థ కోసం బీచమ్ టవర్ అనే ఇంజనీరు రైలు ఇరుసు బేరింగుల రాపిడిని కొలుస్తున్నాడు. ఇరుసు అడుగు భాగం ఆయిల్ తొట్టిలో మునిగి ఉంటుంది, పైన ఇత్తడి బేరింగు బరువుతో నొక్కుతూ ఉంటుంది. పైనుంచి ఆయిల్ పోయడానికి వీలుగా బేరింగు నెత్తిన ఒక రంధ్రం వేశాడు. ఇరుసు తిప్పగానే ఆయిల్ ఆ రంధ్రంలోంచి పైకి పొంగింది. బెండు బిరడా కొట్టాడు, అది ఎగిరిపోయింది. చెక్క బిరడా కొట్టాడు, అదీ నిలవలేదు. చివరికి 200 పౌండ్ల దాకా చూపించే గేజి తగిలిస్తే ముల్లు ఆ హద్దు కూడా దాటింది. బేరింగు మీద మోపిన సగటు బరువు చదరపు అంగుళానికి 100 పౌండ్లే.

టవర్ ఇది 1883లో నివేదించాడు. 1886లో ఆస్బోర్న్ రేనాల్డ్స్ దీనికి గణితం సమకూర్చాడు. తిరిగే షాఫ్టు తన చుట్టూ ఉన్న ఆయిల్‌ను ఇరుకైన సందులోకి ఈడ్చుకుపోతుంది, అలా ఇరుక్కున్న ఆయిల్‌లో పుట్టే ఒత్తిడే బరువును ఎత్తి పట్టుకుంటుంది. కారు ఇంజను బేరింగులలో ఆ ఒత్తిడి వేల పౌండ్లకు చేరుతుంది. గేజి మీద కనిపించే 15, 50, 70 అన్నవి ఆ సందు గుమ్మం దాకా ఆయిల్‌ను చేర్చడానికి అయ్యే ఒత్తిడి మాత్రమే. లోపల జరిగేది ఏ గేజీ చూపించదు. సిగ్నల్ దగ్గర ఆగిన ఇంజను మీద బరువు లేదు, కాబట్టి గుమ్మం దాకా ఆయిల్ అందుతున్నంతసేపూ 15తో దానికి లోటు లేదు. అదే 15 ఘాటు రోడ్డు మీద 3000 ఆర్‌పీఎమ్ దగ్గర కనిపిస్తే మాత్రం బండి పక్కకు ఆపి ఇంజను కట్టేయాల్సిందే.

ఇంకో గేజి తెచ్చి పెట్టు

అనుమానం తీర్చుకునే దారి ఒకటే. నమ్మదగిన రెండో గేజిని అదే ప్రెషర్‌కు తగిలించి రెండిటినీ పక్కపక్కన చదవడం. హైడ్రాలిక్ సామాన్లు అమ్మే షాపుల్లో, సికింద్రాబాద్ రాణిగంజ్ వంటి చోట్ల, 0 నుంచి 100 పౌండ్ల దాకా చూపించే, లోపల గ్లిజరిన్ నింపిన గేజిలు దొరుకుతాయి. గ్లిజరిన్ ఉన్నందువల్ల ఇంజను అదురుకు ముల్లు వణకదు. పాత గేజి పైపు ఇంజను బ్లాకుకు కలిసే చోట ఒక టీ బిగించి, ఒక కొమ్మకు పాతది, ఇంకో కొమ్మకు కొత్తది.

ఇక్కడ మరల దగ్గర జాగ్రత్త. బ్రిటిష్ కార్లది బీఎస్‌పీ మర, అమెరికా కార్లది ఎన్‌పీటీ. ఎనిమిదో వంతు అంగుళం సైజులో మొదటిదానికి అంగుళానికి 28 చుట్లు, రెండోదానికి 27. చేత్తో తిప్పితే రెండు మూడు చుట్లు హాయిగా ఎక్కుతుంది. ఆ తర్వాత బిగుసుకుంటుంది. ‘కొంచెం టైటుగా ఉందిలే’ అని స్పానర్ వేసి నొక్కితే మర చెడిపోవడమో, పోతఇనుప బ్లాకు పగలడమో జరుగుతుంది. గేజి ధర వందల్లో, బ్లాకు ధర ఎంతో ఎవరినైనా అడగండి.

పరీక్ష ఇంజను వేడెక్కాకే చేయాలి. నీళ్ల ముల్లు మధ్యకు రాగానే వేడెక్కిందనుకుంటాం, కానీ ఆయిల్ నీళ్లకంటే ఆలస్యంగా వేడెక్కుతుంది. పదిహేను ఇరవై నిమిషాలు రోడ్డు మీద తిప్పి వచ్చాక, ఐడ్లింగులో, 1500, 2000, 3000 దగ్గర రెండు గేజిల అంకెలూ కాగితం మీద రాసుకోవాలి. ఆ కాగితమే సగం రోగ నిర్ధారణ. అన్ని చోట్లా తేడా ఒకేలా, ఉదాహరణకు ఎప్పుడూ 10 తక్కువగా ఉంటే ముల్లు తన సున్నా నుంచి జరిగింది. కింద తేడా లేకుండా పైకి పోయేకొద్దీ పెరుగుతుంటే, లోపలి కదలికను పెద్దది చేసే మీటల దగ్గర లోపం. రెండు గేజిలూ ఒకే మాట చెబితే, పాపం పాత గేజి ఇన్నాళ్లూ నిజమే చెప్పింది.

గేజిలకే తీర్పు చెప్పే సాధనం ఒకటి ప్రయోగశాలల్లో ఉంటుంది. నిలువు గొట్టంలో కచ్చితంగా చెక్కిన పిస్టను, దాని మీద తూకపు రాళ్లు. పిస్టను అడుగు వైశాల్యం చదరపు అంగుళంలో పదో వంతయితే, పిస్టనుతో కలిపి ఐదు పౌండ్ల బరువు పెట్టగానే కింద ద్రవంలో సరిగ్గా 50 పౌండ్ల ప్రెషర్. బరువూ వైశాల్యమూ తెలిస్తే చాలు, మరో గేజి మాట నమ్మాల్సిన పని లేదు. ఇంత సూటిగా ఉండే కొలత పద్ధతులు తక్కువ.

బూర్డాన్ గొట్టం

ఎమ్‌జీబీ మొదలైన కార్లలో ఉండే మెకానికల్ గేజిలోకి ఇంజను ఆయిలే సన్నటి పైపు గుండా వస్తుంది. లోపల నొక్కి పలచన చేసిన ఇత్తడి గొట్టం ఇంగ్లిషు ‘సి’ అక్షరంలా వంగి ఉంటుంది, ఒక కొస మూసి ఉంటుంది. జాతరలో పిల్లలు ఊదే చుట్టకాగితం బూర గుర్తుందా? ఊదితే చుట్ట విప్పుకుని ముందుకు సాగుతుంది, వదిలితే మళ్లీ చుట్టుకుంటుంది. ఈ గొట్టం చేసేదీ అదే, కాకపోతే వెంట్రుకవాసి. ఆ కాస్త కదలికను ఒక మీట, పళ్ల పలక, చిన్న పళ్ల చక్రం కలిసి పెద్దది చేసి ముల్లును తిప్పుతాయి. పళ్ల మధ్య వదులు లేకుండా సన్నటి చుట్ట స్ప్రింగు పట్టి ఉంచుతుంది. పారిస్‌కు చెందిన యూజీన్ బూర్డాన్ 1849లో దీనికి పేటెంటు తీసుకున్నాడు. అప్పట్లో ఆవిరి బాయిలర్లకు నమ్మకమైన గేజి చాలా అవసరం. 1851లో లండన్ మహాప్రదర్శనలో దానికి పతకం కూడా వచ్చింది. కారు పుట్టకముందే పుట్టిన పరికరం, కారు డాష్‌బోర్డులోకి పెద్దగా మారకుండానే వచ్చి కూర్చుంది.

దీనికి వచ్చే పెద్ద జబ్బు సాగిపోవడం. ఇత్తడి గొట్టానికి ఒక హద్దు ఉంది. అది దాటి ఒత్తిడి పడితే తిరిగి పాత వంపుకు రాదు. ఇంజను ఆపినా ముల్లు 10 దగ్గరో 15 దగ్గరో ఆగిపోతే జరిగింది ఇదే. ఎక్కువసార్లు ఈ పని చేసేది ఇంజను కాదు, బాగుచేసేవాళ్లే. పైపు మూసుకుపోయిందని కంప్రెసర్ గాలి పెట్టి ఊదుతారు. షెడ్డు కంప్రెసరులో గాలి 120 పౌండ్ల పైన ఉంటుంది, గేజి పుట్టింది 100కే. పైపు విడదీసి పైపును మాత్రమే ఊదాలి, గేజి వైపు గాలి వెళ్లకూడదు.

దీనికి తిరగబడ్డ తప్పు ఇంకా మోసకారిది. ముల్లు సున్నాకంటే కిందికి జరిగితే, సున్నా దగ్గరున్న చిన్న పిన్ను దాన్ని ఆపేస్తుంది. చూసేవాళ్లకు ముల్లు సున్నా మీద బుద్ధిగా కూర్చున్నట్టే ఉంటుంది. లోపల అది ఇంకో ఎనిమిది పౌండ్లు కిందికి పోవాలని పిన్నుకు ఆనుకుని నెడుతోంది. ఇంజను నడిచాక ప్రతి అంకె ఎనిమిది తక్కువే. కాబట్టి సున్నా సరిగ్గా ఉంది కదా అని గేజిని వదిలేయకూడదు. తెలిసిన ప్రెషర్ ఒకటి పెట్టి చూడాల్సిందే.

ఇక మందగించిన ముల్లు. ఇంజను స్టార్టు చేశాక చాలాసేపటికి లేవడం, ఆపాక కూడా మెల్లగా దిగడం కనిపిస్తే గేజి ముఖద్వారంలోని సన్నటి రంధ్రంలో మడ్డి చేరిందని అర్థం. ముల్లు అదరకుండా కావాలనే ఆ రంధ్రం అంత సన్నగా పెడతారు, యాభై ఏళ్ల మడ్డికి అది చాలు. కిరోసిన్ చుక్కలు వేసి రాత్రంతా నానబెట్టి, కరిగిన మడ్డిని కార్చేస్తే చాలావరకు దారికొస్తుంది.

పైపులో గాలి బుడగ ఉంటే ముల్లు తప్పు చూపిస్తుందని చాలామంది నమ్మకం. షెడ్డులో పెద్ద మేస్త్రీలు కూడా ఇది చెప్పగా విన్నాను. నిజానికి పైపులో ప్రవాహం లేదు. ఆగిన ఆయిలైనా గాలైనా అటునుంచి ఇటు అదే ప్రెషర్‌ను అందిస్తుంది. బుడగ వల్ల ముల్లు కాస్త ఆలస్యంగా కదులుతుంది తప్ప నిలకడ మీద అంకె మారదు. గేజి ఇంజనుకంటే అర మీటరు ఎత్తులో ఉన్నా, ఆ ఎత్తు ఆయిల్ బరువు వల్ల వచ్చే తేడా అర పౌండు పైచిలుకు. ముల్లు మందం కూడా అంతకంటే ఎక్కువే.

నిజంగా తేడా తెచ్చేది లీకు. పైపు ఎక్కడైనా కారుతుంటే అందులో ప్రవాహం మొదలవుతుంది, దారి పొడవునా ప్రెషర్ తగ్గుతుంది, గేజి దాకా చేరేది మిగిలినదే. స్మిత్స్ కంపెనీ గేజి వెనక పైపు కలిసే చోట గుండీ అంత తోలు వాషరు ఒకటి ఉంటుంది. ఎండి గిడసబారితే అక్కడే కారుతుంది, కాళ్ల కింద తివాచీ మీద నల్ల మరక కనిపిస్తుంది. కొత్త వాషరును ఆయిల్‌లో నానబెట్టి వేస్తే సరి. ఈ వాషరును చిన్నచూపు చూడకండి. బ్లాకు నుంచి వచ్చే రబ్బరు పైపు పాతబడి పగిలితే మాత్రం, ఇంజను తన ఆయిలంతా తానే రోడ్డు మీదికి తోసేసుకుంటుంది. గేజి బాగుచేస్తున్నప్పుడే పాత పైపు మార్చేయడం మంచిది.

గేజి విప్పి ముల్లు ఊడదీసి సున్నా సవరించడం నేర్పున్న చేతికి సాధ్యమే. పళ్ల పలక దగ్గర మీట పొడవు మార్చి పై అంకెలు సవరించడం మాత్రం గడియారాల పనివాళ్ల ఓపిక కోరే పని. ముల్లును గోళ్లతో పీకితే సన్నటి ఇరుసు వంగుతుంది, ఆ తర్వాత ఆ గేజి ఏ పనికీ రాదు.

తీగ గుండా వచ్చే మాట

ఎలక్ట్రిక్ గేజిలో ఆయిల్ డాష్‌బోర్డు దాకా రాదు. ఇంజను మీద ఒక సెండింగ్ యూనిట్ ఉంటుంది. దానిలోని పలుచని పొర ప్రెషర్‌కు ఉబ్బి, చుట్టిన నిరోధక తీగ మీద ఒక కొనను జరుపుతుంది. ఆ నిరోధాన్ని బట్టి గేజిలో కరెంటు మారుతుంది. తీగను కొన రుద్దీ రుద్దీ అరిగిపోవడం, పొర చిల్లిపడటం మామూలు. జాగ్వార్ ఈ-టైప్ యజమానులలో ఈ యూనిట్‌ను తిట్టుకోనివాళ్లు తక్కువ. కొత్తది కొని పెట్టినా పాతదానిలాగే తప్పు చూపిస్తుందని విసిగి, మెకానికల్ గేజికి మారిపోయినవాళ్లు చాలామంది.

చెడిపోవడం సరే, జోడీ కుదరకపోవడం ఇంకో తలనొప్పి. ఓమ్‌ల లెక్క ఒక్కో కంపెనీది ఒక్కోలా ఉంది. జర్మనీ వీడీఓ వారిది ప్రెషర్ లేనప్పుడు 10, పూర్తిగా ఉన్నప్పుడు 180. అమెరికాలో స్టూవర్ట్ వార్నర్ బాటలో నడిచినవి దీనికి ఎదురు. ప్రెషర్ లేనప్పుడు 240, పూర్తిగా ఉన్నప్పుడు 33. జనరల్ మోటార్స్ వారిది సున్నా దగ్గర మొదలై 90 దాకా. వీడీఓ యూనిట్ తెచ్చి ఈ 240-33 గేజికి కలిపితే, ఇంజను ఆపి ఉన్నప్పుడు ముల్లు చివరికంటా లేచి, ఇంజను రేజ్ చేసేకొద్దీ కిందికి దిగుతుంది. ఇంత తలకిందులుగా చేస్తే నయమే, తప్పు వెంటనే తెలిసిపోతుంది. దగ్గర దగ్గరగా కుదిరే జోడీలతోనే ప్రమాదం.

ఎర్తు సరిగ్గా లేకపోవడం వీటన్నిటికంటే సాధారణం. ఒకే తీగ ఉన్న సెండింగ్ యూనిట్‌కు రెండో దారి దాని మరలే. మర మీద టెఫ్లాన్ టేపు దండిగా చుట్టి బిగిస్తే, ఇంజనుకూ బాడీకీ మధ్యనున్న ఎర్తు పట్టీ తుప్పు పడితే, దారిలో అదనపు నిరోధం చేరుతుంది. వీడీఓ గేజి దాన్ని ప్రెషర్ పెరిగిందని చదువుతుంది, 240-33 గేజి ప్రెషర్ తగ్గిందని చదువుతుంది. తుప్పు ఒకటే, ఒక యజమాని నిశ్చింతగా ఉంటే ఇంకొకాయన ఇంజను దింపిస్తాడు. ఐదు బార్ల వీడీఓ యూనిట్‌లో పది ఓమ్‌ల తేడా వస్తే ముల్లు నాలుగు పౌండ్ల పైన జరుగుతుంది. హెడ్‌లైట్లు వేసినప్పుడు ఆయిల్ ముల్లు కదిలితే ఇంకేం వెతకక్కర్లేదు, ముందు ఎర్తు పట్టీ చూడండి. టేపు బదులు మర మీద సీలెంటు పలచగా రాస్తే లోహానికి లోహం తగులుతుంది.

బ్రిటిష్ కార్లలో 1960ల మధ్య నుంచి స్మిత్స్ వారి ఇంకో రకం గేజిలు వచ్చాయి. వీటిలో రెండు లోహాలు అతికించిన పట్టీ చుట్టూ సన్నటి తీగ ఉంటుంది. కరెంటుకు తీగ వేడెక్కుతుంది, పట్టీ వంగుతుంది, ముల్లు మెల్లగా లేస్తుంది. వేడి వోల్టేజి వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, బ్యాటరీ 12 వోల్టుల నుంచి ఛార్జింగులో 14.4కు వెళ్తే వేడి 44 శాతం పెరుగుతుంది. ఇంజను రేజ్ చేస్తేనే ముల్లు లేస్తే ఆ గేజి ఎందుకు? అందుకని వోల్టేజి స్టెబిలైజర్ అనే చిన్న డబ్బా పెట్టారు. అది కరెంటును తెరుస్తూ మూస్తూ సగటున 10 వోల్టుల ప్రభావం ఉండేలా చూస్తుంది. ఫోర్డ్ వారి అమెరికా కార్లలో ఇదే పని చేసేది 5 వోల్టుల లెక్కన ఉంటుంది.

ఇది చెడితే దాని మీద ఆధారపడ్డ ముళ్లన్నీ కలిసికట్టుగా తప్పుతాయి. పెట్రోలు ముల్లు, నీళ్ల వేడి ముల్లు, ఆయిల్ ముల్లు మూడూ ఎక్కువ చూపిస్తుంటే స్టెబిలైజర్ మూసుకుని ఉండిపోయింది. ఆయిల్ ఒక్కటే తప్పుతుంటే దీని జోలికి పోనక్కర్లేదు. పాతది తీసి 7810 అనే చిప్ పెట్టుకుంటే 10 వోల్టులు నిలకడగా వస్తాయి, ఫోర్డ్‌కైతే 7805. కాకపోతే 1967 దాకా వచ్చిన ఎమ్‌జీబీలలో బ్యాటరీ ప్లస్ కొస బాడీకి కలిపి ఉంటుంది. వాటిలో 7810 పనిచేయదు, 7910 కావాలి. పాత స్టెబిలైజర్‌కు ఈ పట్టింపు లేదు, చిప్‌కు ఉంది.

గేజి మంచిదో, యూనిట్ మంచిదో తేల్చడానికి షెడ్డుల్లో ఒక పద్ధతి ఉంది. యూనిట్ తీగ ఊడదీసి చూస్తారు, తర్వాత బాడీకి తాకిస్తారు. ముల్లు ఒకసారి ఈ కొసకు, ఒకసారి ఆ కొసకు వెళ్తే గేజి బతికే ఉంది. బతికి ఉందని తెలుస్తుంది కానీ నిజం చెబుతోందని తెలియదు. పైగా వేడితో నడిచే గేజిని నేరుగా బాడీకి తాకించి ఉంచితే లోపలి తీగ కాలిపోతుంది. దానికంటే పది రూపాయల రెసిస్టర్లు నాలుగు తెచ్చి, యూనిట్ బదులు ఒక్కొక్కటే కలిపి, ఏ ఓమ్‌కు ముల్లు ఎక్కడ నిలిచిందో రాసుకోవడం మేలు. గేజి సరిగ్గా ఉంటే తప్పు యూనిట్‌ది.

రెండు గేజిలూ తక్కువే చెబితే

అప్పుడు కూడా క్రాంక్ షాఫ్టు దాకా వెళ్లే ముందు రిలీఫ్ వాల్వు విప్పి చూడాలి. బీ-సిరీస్ ఇంజనులో బయటకు కనిపించే గుండ్రటి తల నట్టు విప్పితే స్ప్రింగు, దాని వెనక కప్పులాంటి వాల్వు బయటికి వస్తాయి. వాల్వు కూర్చునే చోట చిన్న నలుసు ఇరుక్కున్నా ఆయిల్ అక్కడినుంచే వెనక్కి పోతుంది. తుడిచి పెడితే ప్రెషర్ తిరిగొచ్చిన సందర్భాలు తక్కువేం కాదు. స్ప్రింగు వెనక వాషర్లు పెట్టి బిగువు పెంచే చిట్కా కూడా ప్రచారంలో ఉంది. దాంతో చల్లటి ఇంజనులో పై హద్దు పెరుగుతుంది, చూడ్డానికి బాగుంటుంది. వేడి ఐడ్లింగులో వాల్వు ఎటూ మూసే ఉంటుంది కాబట్టి, సరిగ్గా కూర్చున్న వాల్వుకు వాషర్లు పెడితే అక్కడ ఒక్క పౌండూ పెరగదు. మరీ చిక్కటి ఆయిల్ పోసి అంకె పెంచుకోవడం కూడా ఇలాంటిదే. ముల్లు లేస్తుంది, సందుల్లోకి చేరే ఆయిల్ మాత్రం పెరగదు.

యజమానుల ఈ కంగారు కార్ల కంపెనీలకు తెలియంది కాదు. 1987 నుంచి ఫోర్డ్ పికప్ ట్రక్కులలో నిరోధం మారే సెండింగ్ యూనిట్ తీసేసి, ఆరేడు పౌండ్లు దాటగానే కలిసిపోయే మామూలు స్విచ్ పెట్టారు, తీగలో ఒక 20 ఓమ్‌ల రెసిస్టర్ కలిపారు. ముల్లు ఎప్పుడూ మధ్యలోనే నిలబడుతుంది. మజ్దా ఎమ్‌ఎక్స్-5 కూడా 1990 నుంచి 1994 దాకా నిజమైన గేజితో వచ్చి, 1995 నుంచి ఇదే దారి పట్టింది. చూడటానికి గేజి, పనికి హెచ్చరిక దీపం. ఐడ్లింగులో ముల్లు దిగిందని సర్వీసు సెంటరుకు పరుగెత్తే అవసరం లేకుండా పోయింది, అసలు ప్రెషర్ సగానికి పడినా తెలిసే మార్గమూ పోయింది.

ఇప్పుడు ఈ బండ్లు కూడా పాత కార్ల జాబితాలోకి చేరుతున్నాయి కాబట్టి వీటిని వెనక్కి మార్చుకునేవాళ్లు బయల్దేరారు. మజ్దాలో పాత గేజి, పాత యూనిట్ రెండూ కలిపి మార్చాలి, ఒకటి మారిస్తే కుదరదు. ఫోర్డ్‌లో ఆ రెసిస్టర్‌ను దాటవేసి నిరోధం మారే యూనిట్ బిగించాలి. అయినా ఆ ఫోర్డ్ గేజి ముఖం మీద అంకెలు లేవు, ఇటు ‘ఎల్’, అటు ‘హెచ్’ మాత్రమే. ఎన్ని పౌండ్లో కావాలంటే పక్కన ఇంకో గేజి పెట్టుకోవాలి.